దస్తి కట్టిన చెయ్యి

పక్షవాతం వచ్చి నేను దవాఖాన మంచం మీద మూతి వంకర పెట్టుకొని పడి ఉన్నప్పుడు, మా అమ్మ నన్నొక మాటైనా అడగకుండా మొక్కు మొక్కుకుంది.

"నా బిడ్డ కుడిచేత్తోని బువ్వ తిన్ననాడు నీకు కందూరు చేస్త సామీ. అందాంక నేను కూర ముట్ట."

కందూరు అంటే యాటను, అంటే మేకపోతునో పొట్టేలునో, దర్గా దగ్గరికి తోలుకుపోయి, అక్కడే కోసి, అక్కడే వండి, ఫాతెహా ప్రార్థన చదివించి, వచ్చిన బంధువులందరికీ కడుపునిండా పెట్టడం. మా పాలమూరు వైపు ముస్లిములూ చేస్తారు, హిందువులూ చేస్తారు. ఇక కూర అంటే మాకు మాంసమే. బెండకాయకూ వంకాయకూ ఆ మర్యాద లేదు.

మా అమ్మ ఎనభై దాటిన మనిషి. పళ్లు చాలావరకు పోయాయి. అయినా ఆదివారం పూట బొక్క పట్టుకొని మూలుగ పీల్చకపోతే ఆమెకు వారం గడిచినట్టే ఉండదు. అట్లాంటి మనిషి నా చెయ్యి మీద ఒట్టు పెట్టుకొని కూర మానేసింది. అప్పటికి నాకు మాట సరిగ్గా రావడం లేదు. వచ్చి ఉంటే నా నోటి నుంచి వెలువడే మొదటి మాట తిట్టే అయ్యుండేది. ఎవరు చెయ్యమన్నారు నిన్ను?

పైగా ఆ మొక్కు కుడిచేతి మీద. నేనేమో పుట్టుకతోనే పుర్రచెయ్యి మనిషిని.

మాది గద్వాల. దూదేకుల ఇల్లు. మా పేర్లు ముస్లిం పేర్లు, ఇంట్లో మాట తెలుగు. ఉర్దూ మాట్లాడేవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు, తెలుగువాళ్లు మా పేర్లు విని ఆశ్చర్యపోయేవాళ్లు. మాకు రెండూ అలవాటే. నాన్న దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. దూదేకే విల్లు ఇంటి దూలానికి వేలాడుతుండేది. దాని తాడు మీద కొడుతుంటే ఇల్లంతా గుంయ్‌మని మోగేది. మా జుట్టు మీద, కనురెప్పల మీద, చారులో కూడా నూగు ఉండేది.

నేను ఏది అందుకున్నా ఎడమచేత్తోనే అందుకునేదాన్ని. రాయి విసిరినా, బొమ్మ గీసినా, తమ్ముడి వీపు మీద ఒకటి వేసినా అదే చెయ్యి. మిగతావాటికి అమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది గానీ, అన్నం దగ్గర మాత్రం ఊరుకునేది కాదు. కంచం ముందు కూర్చోగానే, నాన్న తలకు చుట్టుకునే గళ్ల దస్తి తెచ్చి, నా ఎడమచెయ్యి వెనక్కి తీసుకొని నడుముకు కట్టేసేది.

"ఎడమచేత్తోని తింటే సైతాన్ గూడ పక్కన కూసోని తింటడు. ఇద్దరు తినేటంత బువ్వ మనింట్ల లేదు" అనేది.

నాన్న అడ్డం వచ్చేవాడు. "చెయ్యే గదనే, దొంగతనమా? పోనియ్యి" అనేవాడు. అమ్మ వినేది కాదు. ముడి మాత్రం నొప్పి పుట్టకుండా, ఊడిపోకుండా వేసేది. మణికట్టు దగ్గర రెండు చుట్లు, నడుము చుట్టూ ఒక చుట్టు. కట్టు ఉందన్న సంగతి నేనే మరిచిపోయి నీళ్ల చెంబు అందుకోబోయేదాన్ని, చెయ్యి కదిలేది కాదు. అట్లా నా కుడిచెయ్యి తినడం నేర్చుకుంది.

హాకీ నా జీవితంలోకి మా డ్రిల్లు సారు వల్ల వచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో కబడ్డీ, ఖోఖో తప్ప ఇంకొకటి ఉండేది కాదు. ఈయన ఎక్కడి నుంచో కొన్ని పాత కర్రలు సంపాదించుకొచ్చి, గ్రౌండులో కంకర ఏరించి, మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. నేను కర్ర అందుకొని నాకు తోచినట్టు పట్టుకున్నాను. సారు ఈల ఊదాడు. ఎట్లా పట్టుకున్నా ఈల ఊదుతూనే ఉన్నాడు.

హాకీ తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. హాకీ కర్రకు ఒక్క పక్కే చదునుగా ఉంటుంది, బంతిని ఆ పక్కతోనే ఆడాలి. ఎడమచేతివాళ్లకని వేరే కర్ర ఉండదు, నియమాలు ఒప్పుకోవు. అందరూ ఒకేలా పట్టుకోవాలి, ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. చూసేవాళ్లకు కుడిచెయ్యే ఆడుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి కర్రను అటూ ఇటూ తిప్పేదీ, బంతిని మాయ చేసేదీ పైనున్న ఎడమచెయ్యే. కుడిచెయ్యి ఊరికే దారి చూపిస్తుంటుంది.

మా జట్టు పిల్లలందరికీ కుడిచెయ్యే ముందుకొచ్చేది. అది మాన్పించడానికి సారు ఒక ఉపాయం చేశాడు. మా చున్నీలతోనే మా కుడిచేతులను నడుములకు కట్టేయించి, ఎడమచేత్తో మాత్రమే బంతిని గ్రౌండు చుట్టూ తీసుకెళ్లమన్నాడు. పిల్లలందరి బంతులూ తలా ఒక దిక్కు పోయాయి. ఒకదాని బంతి కుంటలో పడింది. నేను చుట్టూ తిరిగి వచ్చి సారు కాళ్ల దగ్గర ఆపాను.

"నీకు ఎవరు నేర్పిండ్రు?" అన్నాడాయన.

"ఎవ్వరు నేర్పలే సార్. ఇంట్ల ఈ చెయ్యి కట్టేస్తరు" అన్నాను.

ఆయనకు ఏమర్థమైందో తెలియదు గానీ అంతసేపు నవ్విన మనిషిని నేను చూడలేదు. అప్పటి నుంచి ఇంటికి పోతే ఎడమచేతికి కట్టు, గ్రౌండుకు పోతే కుడిచేతికి కట్టు. రెండు చేతులకూ తలా ఒక మాస్టరు దొరికారు.

అమ్మ మొదట్లో ఆటకు ఒప్పుకోలేదు. మోకాళ్లు కనబడే బట్టలనీ, ఎండకు నల్లబడతాననీ, సంబంధాలు రావనీ అన్నది. మహబూబ్‌నగర్‌లో టోర్నమెంటుకు నాన్న ఆమెను బలవంతంగా తీసుకొచ్చాడు. ఆట సగం కాకముందే ఆమె గీత దాటి లోపలికి వచ్చి, "ఆ ఈల పట్టుకున్నోడు ఎవడు? నా బిడ్డ మీదనే ఊదుతుండు" అని అంపైరు మీదికి పోయింది. ఆయన పాపం నిజంగానే నా తప్పులకే ఊదుతున్నాడు. అమ్మను బయటికి తీసుకుపోవడానికి ఇద్దరు టీచర్లు కావలసి వచ్చింది. ఆ తర్వాత ఆమె ఆటకు అడ్డుచెప్పలేదు.

స్పోర్ట్స్ హాస్టల్లో సీటు రావడంతో హైదరాబాద్ వెళ్లాను. అక్కడి నుంచి ఆటల కోటాలో సర్కారు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంటే ఆటే. పొద్దున గ్రౌండు, మధ్యాహ్నం ఆఫీసులో హాజరు, సాయంత్రం మళ్లీ గ్రౌండు. రైలెక్కని నెల ఉండేది కాదు. భోపాల్, జలంధర్, లక్నో, ఎక్కడ టోర్నమెంటు ఉంటే అక్కడికి రెండో తరగతి డబ్బాలో, కర్రలు సీటు కింద, మూటలు తల కింద. నేను లెఫ్ట్ హాఫ్ ఆడేదాన్ని, అంటే మైదానం ఎడమ అంచున, దాడి చేసేవాళ్లకూ కాపాడేవాళ్లకూ మధ్యలో. గోలు కొట్టేవాళ్ల పేరు పేపర్లో వస్తుంది. బంతి లాక్కొని వాళ్లకు అందించేవాళ్ల పేరు రాదు. నాకు దాని మీద కోపం ఉండేది, ఇప్పుడూ ఉంది.

పెనాల్టీ కార్నర్ అప్పుడు మా జట్టులో ముందుగా ఉరికేది కూడా నేనే. ఎదుటివాళ్లు గోలు మీదికి కొట్టడానికి కర్ర ఎత్తుతుంటే, మనం గోలు గీత మీద నుంచి వాళ్లకు ఎదురుగా, బంతికి అడ్డంగా పరుగెత్తాలి. బంతి రాయి లాగా ఉంటుంది. నా పిక్కల మీద, తొడల మీద ఆ దెబ్బల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. భయం వేయలేదా అని అడుగుతారు. భయం వేసేది. ఉరికేదాన్ని.

పచ్చటి కృత్రిమ మైదానం మీద మొదటిసారి దిగిన రోజు బొక్కబోర్లా పడి మోచేతుల తోలు ఊడింది. కంకరలో ఆడి వచ్చినవాళ్లకు ఆ మెత్తటి పచ్చదనం మోసం అనిపించింది. నెమ్మదిగా అలవాటైంది. ఇండియా క్యాంపుకు పిలుపొచ్చింది. క్యాంపులో ఉన్నాను గానీ చివరి జట్టులో పేరు రాలేదు. మళ్లీ ఒకసారి పిలుపొచ్చింది, మళ్లీ అంతే. ఇండియా జెర్సీ నేను వేసుకోలేదు. దాని గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆ క్యాంపు మెస్సులో చెంచాతో తినేవాళ్లం. చెంచా ఏ చేత్తో పట్టుకున్నానో ఎవరూ చూడలేదు. ఇంటికి దూరంగా నేను హాయిగా ఎడమచేత్తో తినేదాన్ని. గద్వాల బస్టాండులో దిగగానే మాత్రం నా కుడిచెయ్యి దానంతట అదే లేచి పనిలోకి దిగేది. అమ్మ చూపే చాలు, దస్తితో పని లేకపోయింది.

మోకాలు మెలితిరగడంతో ఆట అయిపోయింది. ఆపరేషన్ చేశారు, కుట్లు బాగానే పడ్డాయి, పరుగు మాత్రం తిరిగి రాలేదు. ఆఫీసులో నాకొక బల్ల ఇచ్చారు. అప్పటిదాకా ఆఫీసంటే సంతకం పెట్టి పారిపోయే చోటు. ఇప్పుడు ఫైళ్లు ఎట్లా కట్టాలో నాకంటే చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో నా అంత చిరాకు మనిషి ఆ బిల్డింగులో లేదు. చివరికి వనపర్తి బదిలీ అడిగి తీసుకున్నాను. గద్వాలకు దగ్గర, మరీ దగ్గర కాదు. అది నాకు బాగుంది.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, పెనాల్టీ కార్నర్‌కు ముందు ఉరికినదాన్ని, దానికి మాత్రం ధైర్యం చాలలేదని చెబుతాను. నవ్వి ఊరుకుంటారు.

వనపర్తిలో పొద్దున పూట ఆడపిల్లలకు హాకీ నేర్పేదాన్ని. "హాకీ అంటే క్రికెట్టు అసుంటిదేనా మేడం?" అని అడిగే తల్లిదండ్రులతో పోట్లాడి పిల్లల్ని తెచ్చుకునేదాన్ని. వాళ్ల చున్నీలతో వాళ్ల కుడిచేతులు కట్టేసేదాన్ని. రిటైరైన తర్వాత కూడా మానలేదు. ఒకరోజు అట్లాగే ఈల నోట్లో పెట్టుకొని ఊదితే గాలి పక్క నుంచి పోయింది. మళ్లీ ఊదబోతే ఈల కిందపడింది. తీసుకుందామని వంగి కుడిచెయ్యి నేలకు ఆనించబోతే అది రాలేదు. పిల్లలు నేనేదో ఆట చూపిస్తున్నాననుకొని నవ్వారు. తర్వాత వాళ్లే ఆటో పిలిచారు.

నాన్న పోయాక అమ్మ గద్వాలలో తమ్ముడి దగ్గర ఉండేది. ఆ రోజే వచ్చేసింది, ఇక తిరిగి పోలేదు. మూతి కొన్నాళ్లకు చక్కబడింది. మాట వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం భుజం వరకే నాది. మోచెయ్యి కాస్త మాట వినేది, వేళ్లు అసలే వినేవి కావు.

ఎవరో చెబితే ఫిజియోథెరపీ కోసం నాగర్‌కర్నూల్ వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ ఒక కొల్లాపూర్ అమ్మాయి నా చెయ్యి పట్టుకొని వంచేది, చాపేది. మామిడికాయల కాలంలో వాళ్ల తోట కాయలు కూడా తెచ్చిచ్చేది. మంచి పిల్ల, మొహమాటం లేదు.

"మేడం, మీ ఎడమచెయ్యి మరీ హుషారుగ ఉన్నది. అన్ని పనులు అదే చేస్తే కుడిదానికి బుద్ధి రాదు. రోజు కొంతసేపు దాన్ని మూసెయ్యాలె. ఒక సాక్సు తొడగండి" అంది.

నా పాత హాకీ మేజోళ్లు ట్రంకుపెట్టెలో ఉన్నాయి, మోకాలి దాకా వచ్చే ఎర్రవి. ఒకటి తీసి పళ్లతో లాగుతూ ఎడమచేతికి మోచెయ్యి దాకా తొడుక్కున్నాను. అమ్మ గుమ్మం దగ్గర కూర్చొని చూస్తోంది. దస్తి పోయి సాక్సు వచ్చిందని నేనే అన్నాను. ఆమె నవ్వలేదు.

ఇక రోజూ అదే పని. కుడిచేత్తో ముద్ద కలపాలి, ఎత్తాలి, నోటి దాకా తేవాలి. అన్నం వేళ్ల సందుల్లో నుంచి జారేది. నా చుట్టూ పడిన మెతుకులకు పక్కింటి కోళ్లు టైము చూసుకొని వచ్చేవి. విసుగొచ్చి కంచం నెట్టేసిన రోజులున్నాయి. అప్పుడు అమ్మ లేచి, కిందపడ్డదంతా ఎత్తి, మళ్లీ కొంచెం పెట్టేది. ఆమె అట్లా ఏమీ అనకుండా పెడుతుంటే నాకు ఇంకా కోపం వచ్చేది.

ఒకరోజు అడిగేశాను. "అమ్మా, నీ మొక్కు మార్చుకో. నేను నడుస్తున్న గద, మాట్లాడుతున్న గద. దానికి చెయ్యి కందూరు."

"నడుస్తె చేస్త అని మొక్కిన్నా? బువ్వ తింటె అని మొక్కిన. సామితోని బేరమాడుతరా ఏందే?"

"నీకు పాణం బాగలేకపోతే?"

"నాకేమైంది? పప్పు తింటలేనా?"

ఏమీ కాలేదని ఆమె అనడమే గానీ, చలికాలంలో దగ్గు పట్టుకుంది. మనిషి తగ్గిపోయింది. రవికె భుజాల మీద నిలవడం లేదు. డాక్టరు చూసి, ముసలామె బాగా నీరసించింది, గుడ్లూ మాంసమూ పెట్టండి అన్నాడు. గుడ్డు తిన్నది. కూర మాట ఎత్తితే పక్కకు తిరిగి పడుకుంది. ఆమె నీరసం నా చేతికి ముడిపడి ఉంది. నాకప్పుడు భయం వేసింది. చెయ్యి రాకముందే ఆమె పోతే, ఆ మొక్కు తీరకుండా, ఇష్టమైన ముక్క నోట్లో పెట్టుకోకుండా పోతే, నేను ఎట్లా బతుకుతాను?

అప్పటికి నేను సంగటి ముద్ద ఎత్తగలుగుతున్నాను. జొన్న సంగటి అంటుకుంటుంది, ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. వేళ్లు పూర్తిగా మూసుకోకపోయినా అరచేతిలో నిలుస్తుంది. నాలుగైదు ముద్దలు కింద పడకుండా తిన్న రోజున అమ్మను పిలిచి చూపించాను.

"వచ్చింది చూడు. ఇగ కందూరు పెట్టుకుందాం."

అమ్మ దగ్గరికి వచ్చి నా వేళ్లను తిప్పి చూసింది. "నిజంగ వచ్చిందా?"

"నీ కండ్లతోని చూస్తలేవా?"

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. తమ్ముడికి ఫోన్ చేయమంది. నేను చేశాను. ఆ రోజు నాకు పెద్ద మ్యాచ్ గెలిచినట్టే ఉంది.

దర్గా పాన్‌గల్ దాటినాక ఒక గుట్ట కింద ఉంటుంది. తమ్ముడు గద్వాల నుంచి యాటతో, బంధువులతో ట్రాలీ ఆటోలో దిగాడు. మా మేనత్త వచ్చింది. మేం వనపర్తి నుంచి పోయేసరికి రాళ్ల పొయ్యిలు వెలిగాయి, ఉల్లిగడ్డలు కోయడం అవుతోంది. తమ్ముడిప్పుడు స్పాంజి పరుపులు అమ్ముతాడు గానీ నాన్న లాగే తలకు దస్తి చుట్టుకొని పొయ్యి దగ్గర పొగలో హడావుడి పడుతున్నాడు. అమ్మ ఒక చాప మీద కూర్చొని, ఉప్పు సరిపోయిందా, ముక్క ఉడికిందా అని అందర్నీ అడుగుతోంది. రుచి చూడమంటే మాత్రం, "ముందు నా బిడ్డ తినాలె" అంటోంది.

ఫాతెహా అయింది. అందరూ వరసగా కూర్చున్నారు. మా ఇళ్లల్లో ఎవరి కోసం మొక్కుకున్నారో వాళ్లు మొదటి ముద్ద తినాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు చెయ్యి పెడతారు. నేను ఎడమచేతికి ఎర్ర సాక్సు తొడుక్కొని చున్నీ కింద దాచుకున్నాను, అలవాటు కొద్దీ అది ముందుకు రాకుండా. నా ముందు విస్తరి వేశారు. తమ్ముడు పెద్ద గరిటెతో వడ్డించాడు.

బగారన్నం.

నాకు అప్పుడు తట్టింది. కందూరులో బగారన్నమే చేస్తారని పుట్టినప్పటి నుంచి తెలుసు. అయినా ఇంట్లో సంగటి తింటూ సాధన చేశాను. బగారన్నం మెతుకుకు మెతుకు అంటదు. నూనెతో పొడిపొడిగా, ఇసుక లాగా ఉంటుంది. అడుగు అరిగిపోయిన బూట్లతో తడి టర్ఫు మీద దిగినట్టయింది నా పని.

మాంసం పులుసు, షోర్వా, పోసి కలిపాను. వేళ్లు కలపలేదు, విస్తట్లో ఊరికే తిరిగాయి. కొంత ఎత్తాను. మోచెయ్యి లేచేసరికి అరచేతిలో ఏమీ మిగల్లేదు. మళ్లీ ఎత్తాను. షోర్వా మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. పొద్దుటి నుంచి ప్రయాణం చేసి ఉన్నాను, చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మరోసారి ఎత్తితే గడ్డం దాకా వచ్చి ఒళ్లో పడింది. వరసలో అందరూ చేతులు ఆపుకొని కూర్చున్నారు. ముక్కల వాసన వస్తోంది.

"అయ్యో, ఇంకా రాలేదా చెయ్యి?" అంది మేనత్త.

"నేను తినిపిస్త అక్కా" అంటూ తమ్ముడు గరిటె పక్కన పెట్టి వచ్చాడు.

"చిన్నపిల్లనా నేను? పో అవతలికి" అని అరిచాను. అందరి ముందూ అరిచాను. మొహం కాలిపోతోంది. అబద్ధం చెప్పి ఇంతమందిని పిలిచాను, యాట అయిపోయింది, ముసలామె పస్తు ఉంది. నిండిన స్టేడియంలో ఓడిన రోజున కూడా నాకు ఇంత సిగ్గు కాలేదు. అమ్మ వైపు చూడలేకపోయాను.

అమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. ఎదురు వరస నుంచి చుట్టూ తిరిగి నా దగ్గరికి రావడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. వచ్చి నా పక్కన కూలబడింది. నా చున్నీ జరిపి చూసింది. సాక్సు పట్టుకొని లాగింది. అది మోచేతి దగ్గర పట్టుకుంటే, కంపలో చిక్కిన కోడిపిల్లను విడిపించినట్టు మెల్లగా వేళ్ల దాకా ఊడదీసింది.

"ఒరేయ్, నీ దస్తి ఇటియ్యి" అంది తమ్ముడితో.

వాడు తల మీదిది విప్పి ఇచ్చాడు. నా చెయ్యి తుడవడానికి అనుకున్నాను. తుడిచింది కూడా. కుడిచేతికి అంటిన షోర్వా, మెతుకులు అన్నీ శుభ్రంగా తుడిచింది. తర్వాత ఆ కుడిచెయ్యిని వెనక్కి తీసుకొని, మణికట్టు దగ్గర రెండు చుట్లు, నడుము చుట్టూ ఒక చుట్టు తిప్పి ముడి వేసింది. ముడి పాతదే. నొప్పి పుట్టలేదు, ఊడిపోలేదు.

"ఇగ తిను" అంది.

"మరి మొక్కు?"

"సామికి నేను చెప్పుకుంట తియ్యి." నా ఎడమచెయ్యి తీసుకొని తన ఒళ్లో పెట్టుకుంది. కర్ర పట్టి పట్టి గట్టిపడిన చోట బొటనవేలితో రుద్దింది. "ఇన్నేండ్లు నీకు బువ్వ పెట్టింది గీ చెయ్యే గదనే. గిప్పుడు తినేతందుకు పనికిరాదా? నాకే తెల్వకపాయె."

ఇక ఏడుపు ఆగలేదు. వరసంతా చూస్తుండగా ఏడ్చాను. ఏడుస్తూనే ఎడమచేత్తో బగారన్నం కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. ఒక్క మెతుకు కింద పడలేదు. ఎవరో బిస్మిల్లా అన్నారు. విస్తళ్ల చప్పుడు మొదలైంది.

అమ్మ అక్కడే, నా పక్కనే, విస్తరి వేయించుకుంది. తమ్ముడు పప్పుచారు గిన్నె పట్టుకొని రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అదెందుకురా? మూలుగ బొక్క ఎయ్యి. పెద్దది సూసి ఎయ్యి."